అతిథి కార్డు, ఇంటి చిప్పు: మాంట్రియల్ మేట్రాక్స్ కథ

సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో 2000వ సంవత్సరం ప్రాంతంలో విడిభాగాలు కొని కంప్యూటర్ కూర్పించుకున్నవారికి ఒక ప్రశ్న బాగా గుర్తుండి ఉంటుంది: “ఆన్‌బోర్డ్ సరిపోతుందా, కార్డు వేయమంటారా?” తెర మీద బొమ్మ చూపే చిప్పు మదర్‌బోర్డు మీదే ఉంటే అదనపు ఖర్చు లేదు. విడిగా కార్డు వేయిస్తే బిల్లు కొన్ని వేలు పెరుగుతుంది. పిల్లల చదువుకని కొంటున్న తండ్రి మొదటిదానికే మొగ్గేవాడు. ఆటల మీద మనసున్న కొడుకు రెండోది అడిగేవాడు. ఇరువురికీ మధ్యేమార్గంగా దుకాణదారు ఒక మాట అనేవాడు: “ఇప్పటికి ఇది తీసుకోండి, కావాలంటే తర్వాత కార్డు పెట్టుకోవచ్చు.” ఆ ‘తర్వాత’ అనే మాట నిజమవుతుందా లేదా అన్నది మదర్‌బోర్డు మీద ఒక స్లాట్ ఉందా లేదా అన్నదానిపై ఆధారపడి ఉండేదని చాలామందికి కొన్న తర్వాతే తెలిసేది.

వినడానికి ఇది చిన్న బేరసారాల ముచ్చట. దీని వెనకాల మాత్రం యాభై ఏళ్ళ చరిత్ర ఉంది. ఆ చరిత్రలో చాలా భాగం కెనడాలో, అందులోనూ మాంట్రియల్ నగరపు పశ్చిమ శివారులో నడిచింది. కార్డు చేసే పనిని క్రమంగా మదర్‌బోర్డు మింగడం, మదర్‌బోర్డు చేయలేని పనికోసం మళ్ళీ కొత్త కార్డు పుట్టడం, కొన్నాళ్ళకు అదీ లోపలికి పోవడం ఈ చరిత్రలో పదేపదే జరిగాయి. దీన్ని వ్యక్తిగత కంప్యూటర్లు పుట్టకముందే పసిగట్టినవారు ఇద్దరున్నారు. టి. హెచ్. మయర్, ఐవన్ సదర్లండ్ 1968 జూన్‌లో ప్రచురించిన ఒక పరిశోధన పత్రంలో, బొమ్మ గీసే యంత్రాంగానికి ఒక్కొక్క సామర్థ్యమే చేర్చుకుంటూ పోతే అది చివరికి మరో పూర్తి కంప్యూటర్ అయి కూర్చుంటుందనీ, అప్పుడు దానికి సాయంగా ఇంకో బొమ్మగీసే యంత్రం కావాలనిపిస్తుందనీ గమనించారు. ఆ వలయానికి వారు పెట్టిన పేరు పునర్జన్మ చక్రం. ఇద్దరు అమెరికన్ ఇంజనీర్లకు ఆ మాటే ఎందుకు తోచిందో గాని, మనవాళ్ళకు దాన్ని వివరించాల్సిన అవసరం లేదు.

దోర్వాల్‌లో మొదలు

1976లో లోర్న్ ట్రోటియే, బ్రాంకో మాటిచ్ అనే ఇద్దరు ఇంజనీర్లు మేట్రాక్స్ సంస్థను స్థాపించారు. ఇద్దరి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు కలిపి, చివర ఒక ‘ఎక్స్’ తగిలించారు. ట్రోటియే మాంట్రియల్‌లోని మెగిల్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివినవాడు. కంపెనీ స్థిరపడిన చోటు దోర్వాల్, అంటే నగరపు పాత విమానాశ్రయం ఉన్న ఊరు.

ఆ సంవత్సరం మాంట్రియల్‌కు ఒలింపిక్స్ సంవత్సరం. నవంబరులో ఫ్రెంచివారి స్వయం నిర్ణయాధికారం కోరే పార్టీ క్విబెక్ రాష్ట్రంలో అధికారానికి వచ్చింది. మరుసటి ఏడాది ఆగస్టులో ఫ్రెంచి భాషా చట్టం వచ్చింది. 1978 జనవరిలో సన్ లైఫ్ అనే పెద్ద బీమా సంస్థ తన ప్రధాన కార్యాలయాన్ని టొరంటోకు తరలిస్తున్నట్టు ప్రకటించింది. ఆంగ్లంలో వ్యాపారం చేసుకునే సంస్థలు ఎన్నో అదే బాట పట్టాయి. పెద్ద సంస్థలు మూటాముల్లే సర్దుకుంటున్న రోజుల్లో ఓ చిన్న ఎలక్ట్రానిక్స్ సంస్థ అక్కడే నిలిచి పెరగడం విశేషమే. కదలకుండా ఉండటం ఆ సంస్థ స్వభావంలోనే ఉన్నట్టుంది. స్టాక్ మార్కెట్టుకు వెళ్ళలేదు, ఊరు మారలేదు, దశాబ్దాలపాటు యజమానులు మారలేదు. ఆ స్వభావం మేట్రాక్స్‌కు ఎంత మేలు చేసిందో అంత కీడూ చేసిందని తర్వాతి కథ చెబుతుంది.

అప్పటి చిన్న కంప్యూటర్లకు తెర అనేదే లేదు. 1975లో వచ్చిన ఆల్టెయిర్ యంత్రానికి ముందువైపు మీటలూ మిణుకుమిణుకుమనే దీపాలూ ఉండేవి. తెర కావాలంటే వేరే కార్డు కొని లోపల గుచ్చుకోవలసిందే. 1978లో మేట్రాక్స్ ఆ యంత్రాల స్లాట్లకు సరిపడే గ్రాఫిక్స్ కార్డు ఒకటి విడుదల చేసింది. దాని పేరు ఏఎల్‌టి-256. అడ్డం 256, నిలువు 256 చుక్కలు. ఒక్కొక్క చుక్కకు వెలుగు లేదా చీకటి, అంతే. మొత్తం 65,536 చుక్కలను గుర్తుంచుకోవడానికి 4,096 బిట్ల మెమరీ చిప్పులు పదహారు అమర్చారు.

ఇది ఎంత తక్కువో, ఆ కాలానికి ఎంత ఎక్కువో తెలియాలంటే అదే నగరంలోని మరో యంత్రంతో పోల్చాలి. మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌లో 1973లో కెనడాలోకెల్లా మొదటి సి.టి. స్కానర్ ఏర్పాటయింది. ఆ తొలి తరం యంత్రం మెదడులోని ఒక పొరను 80 అడ్డగళ్ళు, 80 నిలువుగళ్ళుగా, అంటే మొత్తం 6,400 చుక్కలుగా చూపేది. ఆ మొరటు బొమ్మలోనే నాడీవైద్యులు కపాలం తెరవకుండా కణితిని, రక్తస్రావాన్ని గుర్తించారు. కాకపోతే స్కానర్‌లోని ప్రతి చుక్కకూ ఎన్నో ఛాయలుండేవి, మేట్రాక్స్ కార్డులోని చుక్కకు రెండే. ఎన్ని చుక్కలు, ఒక్కో చుక్కకు ఎన్ని ఛాయలు అన్న ఈ రెండు లెక్కలే మున్ముందు మొత్తం పరిశ్రమను నడిపించాయి.

లిపికోసం వచ్చిన కార్డు

1981 ఆగస్టులో ఐబీఎం వ్యక్తిగత కంప్యూటర్ వచ్చినప్పుడు దాని మదర్‌బోర్డు మీద కూడా బొమ్మ చూపే ఏర్పాటు లేదు. కొనేవారు రెండు కార్డుల్లో ఒకటి ఎంచుకోవాలి. ఒకటి అక్షరాలు మాత్రమే చూపేది. వరసకు 80 అక్షరాలు, 25 వరసలు. అక్షరాలు చక్కగా ఉండేవి కాని వాటి ఆకారాలు శాశ్వతంగా చిప్పులో అచ్చయి ఉండేవి. రెండోది రంగుల కార్డు. చుక్కలతో ఏ బొమ్మైనా గీయవచ్చు కాని నాలుగు రంగుల్లో 320×200, రెండు రంగుల్లో 640×200 చుక్కలే. లాటిన్ అక్షరాలకే అది ఇరుకు. ఆ చిప్పులోని అక్షరాల పట్టికలో ఫ్రెంచికి కావలసినవే అన్నీ లేవు. చిన్నబడి అక్షరాల మీద ఉండే కొన్ని గుర్తులు పెద్దబడి అక్షరాల మీద ఉండేవి కావు. కెనడా ఫ్రెంచికోసం ఐబీఎం తర్వాత 863 అనే సంఖ్యతో వేరే పట్టిక తయారు చేయాల్సివచ్చింది. యూరప్ భాషకే ఈ గతి పడితే తలకట్టు పైన, ఒత్తు కింద, గుడులూ కొమ్ములూ పక్కన మోసే తెలుగు అక్షరానికి అందులో చోటెక్కడిది?

ఈ ఇబ్బందిని తన సొంత ఇబ్బందిగా ఎదుర్కొన్నవాడు ఒక థాయ్ విద్యార్థి. వాన్ సువన్నుకుల్ తన డాక్టరేట్ సిద్ధాంత గ్రంథాన్ని ఐబీఎం యంత్రం మీద థాయ్ లిపిలో రాసుకోదలచాడు. ఐబీఎం ఇచ్చిన రెండు కార్డుల్లో ఏదీ అందుకు పనికిరాలేదు. 1982లో తనే ఓ కార్డు తయారుచేశాడు. అక్షరాల కార్డులోని స్పష్టతనూ, బొమ్మల కార్డులోని స్వేచ్ఛనూ కలిపి 720×348 చుక్కలు చూపిన ఆ కార్డే హెర్క్యులిస్. ఆ తర్వాత పదేళ్ళపాటు ప్రపంచంలోని లెక్కల గుమాస్తాలూ, నక్షాలు గీసేవారూ దాన్ని వాడారు. దాని పుట్టుకకు కారణం మాత్రం సంయుక్తాక్షరాలకు చెల్లెలి వరసయ్యే ఒక తూర్పు దేశపు లిపి. థాయ్ లిపి మూలాలు పల్లవుల లిపిలో ఉన్నాయి, తెలుగు లిపికీ దక్షిణాది బ్రాహ్మీ శాఖే మూలం. కనుక ఆ కార్డును దాయాది ఇంట పుట్టిన బిడ్డగా చెప్పుకోవచ్చు.

మన దేశంలోనూ ఈ పని కార్డుతోనే జరిగింది. కాన్పూరు ఐ.ఐ.టి.లో ఆర్. ఎమ్. కె. సిన్హా, మోహన్ తాంబే తదితరులు 1980లలో భారతీయ లిపులను తెర మీద చూపే సాంకేతికాన్ని రూపొందించారు. 1988లో అది పుణేలోని సి-డాక్ సంస్థకు చేరింది. దాని ఫలితం జిస్ట్ కార్డు. దాన్ని స్లాట్‌లో గుచ్చితే డాస్ మీద నడిచే మామూలు ప్రోగ్రాములు, డేటాబేసులైనా సరే పత్రాలు రాసేవైనా సరే, తెలుగులోనూ దేవనాగరిలోనూ మారు మాట్లాడకుండా పనిచేసేవి. ప్రోగ్రాముకు తను తెలుగు చూపిస్తున్నానని తెలియనే తెలియదు, అంతా కార్డు చూసుకునేది. అక్షరాల సంకేతాలను భారత ప్రమాణాల సంస్థ 1991లో ఖరారు చేసింది. అదే ఏడు యూనికోడ్ తొలి సంచికలో తెలుగుకు చోటు దొరికింది. పదేళ్ళ తర్వాత విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు రావడంతో తెలుగు కూర్చే పని పూర్తిగా సాఫ్ట్‌వేర్ చేతికి వచ్చింది. ఇప్పుడు తెలుగు చదవడానికి ఎవరూ కార్డు కొనక్కరలేదు. చక్రం ఒక చుట్టు తిరిగిందని చెప్పడానికి తెలుగువారికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు.

ఒకే రోజున రెండు

ఆన్‌బోర్డ్ వీడియో ఐబీఎం వంశంలో స్థిరపడిన రోజు చెప్పాలంటే అది 1987 ఏప్రిల్ 2. ఆపిల్ వంటివారి యంత్రాల్లో అంతకు ముందే మదర్‌బోర్డు మీద ఆ ఏర్పాటు ఉంది. ఐబీఎం మాత్రం ఆ రోజు ప్రకటించిన పీఎస్/2 శ్రేణిలోనే వీజీఏ అనే చిప్పును నేరుగా మదర్‌బోర్డు మీద అమర్చింది. పదహారు రంగుల్లో 640×480 చుక్కలు. కార్డు కొనే బాధ తప్పింది. చిత్రమేమిటంటే సరిగ్గా అదే రోజున ఐబీఎం 8514/ఎ అనే మరో కార్డునూ ప్రకటించింది. మదర్‌బోర్డు మీది చిప్పు చాలనివారికి 1024×768 చుక్కలతో, గీతలు గీసే పనిని తనే చేసుకునే ఈ కార్డు. అంటే ‘ఆన్‌బోర్డ్ సరిపోతుందా, కార్డు వేయమంటారా’ అన్న ప్రశ్న ఆన్‌బోర్డ్‌తో పాటే, అదే సభలో, అదే సంస్థ నోట పుట్టింది.

ఆ వీజీఏ అనేక సంస్థల చేతుల్లో అనుకరణలు పొంది సార్వత్రికమైంది. దానితో ఒక చిక్కు కూడా వచ్చింది. వీజీఏ తన బొమ్మను ఉంచుకునే మెమరీ చిరునామాలు స్థిరమైనవి. మొదటి 640 కిలోబైట్ల తర్వాతి 128 కిలోబైట్లు దానివే. మదర్‌బోర్డు మీద ఒక వీజీఏ, స్లాట్‌లో ఒక వీజీఏ ఉంటే ఒకే తలుపు తట్టినప్పుడు ఇద్దరూ పలుకుతారు, యంత్రం అయోమయంలో పడుతుంది. అందుకే ఆ కాలపు మదర్‌బోర్డుల మీద చిన్న జంపర్ ఉండేది. కార్డు పెట్టేముందు దాన్ని పీకి ఇంటి చిప్పును నిద్రపుచ్చాలి. తర్వాత పీసీఐ స్లాట్లు వచ్చాక బయాస్‌లోనే ఎవరు ముందు మేల్కోవాలో చెప్పే ఏర్పాటు వచ్చింది. ఈ మెట్టు దాటినవారిలో కొందరు కార్డు పెట్టి, మానిటర్ తీగను మాత్రం పాత రంధ్రంలోనే ఉంచి, కార్డు పాడైందని దుకాణానికి తిరిగి తెచ్చేవారు. ఈ పొరపాటు ఇప్పటికీ సజీవంగా ఉంది.

అక్షరం వాడిగా ఉండటం

1990లలో విండోస్ వ్యాపించాక గ్రాఫిక్స్ కార్డుల మార్కెట్టు సంతను తలపించింది. ఎస్3, సిరస్ లాజిక్, ట్రైడెంట్, సెంగ్ ల్యాబ్స్, టొరంటో పక్కన మార్కమ్‌లో 1985లో మొదలైన ఎ.టి.ఐ. ఇలా ఎందరో. వీరి మధ్య మేట్రాక్స్ తనదైన చోటు సంపాదించింది 1995లో వచ్చిన మిలెనియమ్ కార్డుతో. వేగంలో అది మేటే. అయితే వాడినవారు దాన్ని గుర్తుపెట్టుకున్నది మరో గుణానికి: తెర మీద అక్షరం కత్తిలా కనిపించేది.

దీనికి కారణం తెలుసుకోవాలంటే ఆ కాలపు తీగ గురించి కొంత చెప్పాలి. కార్డు లోపల బొమ్మ అంకెల రూపంలో ఉంటుంది. గాజు గొట్టపు మానిటర్‌కు కావలసింది మాత్రం హెచ్చుతగ్గులయ్యే వోల్టేజి. అంకెను వోల్టేజిగా మార్చే పరికరం కార్డు మీద ఉండేది. 1600×1200 చుక్కలను సెకనుకు 85 సార్లు తాజాచేయాలంటే, గీతల మధ్య విరామాలు కూడా కలుపుకొని, అది సెకనుకు దాదాపు 22 కోట్ల 95 లక్షల చుక్కలను మార్చాలి. మార్పిడిలో కాస్త బద్ధకమున్నా, దాని తర్వాతి వడపోత భాగాలు చవకవైనా నల్లని నిలువుగీత పక్కన బూడిదరంగు నీడ పడుతుంది. అక్షరాల అంచులు ఉన్ని నూలులా రేగుతాయి. చవక మదర్‌బోర్డుల మీది వీడియోలో పొదుపు చేసింది సరిగ్గా ఈ భాగాల్లోనే. ఇక తాజాచేసే వేగం సెకనుకు 60కి పడిపోతే తెర మినుకుమంటుంది. చూపు మధ్యభాగం కన్నా అంచుభాగం మినుకును త్వరగా పట్టుకుంటుంది కనుక పెద్ద తెర ముందు కూర్చున్నవారికి బొమ్మ కుదురుగా కనిపిస్తూనే తలనొప్పి వచ్చేది. దినమంతా అంకెలు చదివే గుమాస్తాకు, ప్రోగ్రాములు రాసే ఉద్యోగికి కార్డు మార్చడం విలాసం కాదు, కంటికి విశ్రాంతి. Y అక్షరం ఆకారపు నీడలు చూసి విసిగిన వారికి మాంట్రియల్ కార్డు కళ్ళద్దాలు మార్చినట్టుండేది.

ఆటలు మాత్రం వేరే లోకం. 1996లో మేట్రాక్స్ మిస్టీక్ అనే చవక కార్డుతో ఆ లోకంలోకి దిగింది. త్రిమితీయ బొమ్మల మీద అతికే చిత్రాలను నునుపుచేసే సామర్థ్యం అందులో లేదు. గోడ దగ్గరకు వెళ్తే గోడంతా గచ్చు పలకల్లా గళ్ళుగళ్ళుగా కనిపించేది. వాడకందార్లు దాన్ని ‘మిస్టేక్’ అని పిలిచారు. అదే ఏడు త్రీడీఎఫ్‌ఎక్స్ సంస్థ వూడూ కార్డు వచ్చింది. అది మామూలు తెరను చూపనే చూపదు. మొదటి కార్డు నుంచి వచ్చే తీగను తన గుండా పోనిచ్చి, ఆట మొదలవగానే తెరను తన అధీనంలోకి తీసుకుంటుంది. ఇంటి చిప్పు ఒకటి, దాని మీద అతిథి ఒకటి, అతిథికి అతిథి మరొకటి. సదర్లండ్ చెప్పిన చక్రం కంటికి కనిపించేలా తిరిగిన ఘట్టమిది.

1998లో జి200, 1999లో జి400 వచ్చాయి. జి400 ఆటల్లో కూడా తలెత్తుకుని నిలిచింది. అయితే దాని అసలు కొత్తదనం ఒకే కార్డు మీద రెండు మానిటర్లు నడపడం. అది ఆటగాళ్ళకన్నా షేర్లు కొని అమ్మేవారికి, ఆసుపత్రి రేడియాలజీ గదులకు పనికొచ్చింది. రోగి పాత ఎక్స్‌రే ఒక తెర మీద, కొత్తది ఇంకో తెర మీద పక్కపక్కన పెట్టి చూడటం రేడియాలజిస్టు నిత్యకృత్యం. వెలుగుపెట్టె మీద ఫిల్ములు అతికించే పద్ధతి పోతున్న రోజులవి. సి.టి. బొమ్మలో ఒక్కో చుక్కకు 4,096 ఛాయలుండవచ్చు. మామూలు కార్డు చూపేది 256 మాత్రమే. వైద్యచిత్రాల ప్రమాణం లెక్క ప్రకారం, అతి మసక నుంచి అతి తీక్షణమైన వెలుగుదాకా మనిషి కన్ను విడదీసి చూడగల మెట్లు 1,023. మేట్రాక్స్ వైద్య మానిటర్లకోసమే ప్రత్యేకంగా ఎక్కువ ఛాయలు చూపే కార్డుల శ్రేణిని తయారుచేసి అమ్మింది. ఊపిరితిత్తిలోని ఒక లేత మచ్చ, రొమ్ములోని సున్నపు రేణువుల గుంపు పక్క ఛాయలో కలిసిపోకుండా విడిగా కనిపించడం అనేది ఈ సందర్భంలో అందచందాల విషయం కాదు.

స్లాట్ లేని పలక

1998 ఫిబ్రవరిలో ఇంటెల్ ఐ740 అనే సొంత గ్రాఫిక్స్ చిప్పును కార్డుగా తెచ్చింది. మార్కెట్టులో అది నిలబడలేదు. 1999 ఏప్రిల్‌లో ఇంటెల్ దాని వారసుణ్ణి ఐ810 అనే చిప్‌సెట్‌లో కలిపేసి మదర్‌బోర్డుకు ఎక్కించింది. కార్డుగా ఓడినది ఇంటి చిప్పుగా గెలిచింది. వ్యక్తిగత కంప్యూటర్లలో నేటికీ అత్యధిక సంఖ్యలో ఉన్న బొమ్మ చిప్పులు ఇంటెల్ ఇంటి చిప్పులే అన్న సంగతికి పునాది అక్కడుంది.

ఐ810కి సొంత మెమరీ దాదాపు లేనట్టే. కంప్యూటర్ మెమరీలోంచే కొంత తీసుకుంటుంది. ఎంత తీసుకుంటుందన్నది చాలామంది అడిగిన ప్రశ్నే. ఎంత తరచుగా తీసుకుంటుందన్నది అసలు అడగవలసిన ప్రశ్న. 1024×768 చుక్కలు, చుక్కకు మూడు బైట్లు, సెకనుకు 85 సార్లు: తెరను ఉన్నదున్నట్టు నిలిపి ఉంచడానికే సెకనుకు 20 కోట్ల బైట్లు చదవాలి. అప్పటి మెమరీ ఎంత కష్టపడినా సెకనుకు 80 కోట్ల బైట్లే ఇవ్వగలదు. అంటే వాడకందారు ఏ పనీ చేయకుండా తెర వంక చూస్తూ కూర్చున్నా నాలుగో వంతు తెరకే పోయేది. కార్డు పెడితే వేగం పెరిగేది ఆటల్లోనే కాదు, మిగిలిన పనుల్లో కూడా కాస్త పెరిగేదంటే కారణమిదే.

అసలు దెబ్బ వేరే ఉంది. అప్పటికి మంచి కార్డులన్నీ 1997లో వచ్చిన ఏజీపీ స్లాట్‌కోసం తయారవుతున్నాయి. ఐ810 మదర్‌బోర్డు మీద ఆ స్లాటే ఉండదు. చిప్‌సెట్‌కు బయటి ఏజీపీ కార్డుతో మాట్లాడే దారి లేదు. మరుసటి ఏడాది వచ్చిన ఐ815లో దారి ఇచ్చారు. ఆ తర్వాత కూడా 845జీఎల్, 845జీవీ, 865జీవీ వంటి చవక రకాల్లో మళ్ళీ మూసేశారు. పేరు చివరి ఒక్క అక్షరంలో దాగిన ఈ తేడా కొనుగోలుదారుకు ఎవరూ చెప్పేవారు కాదు. వై2కె పుణ్యమా అని విమానమెక్కి, అమెరికాలోనో కెనడాలోనో తొలి జీతంతో చవక డెస్క్‌టాప్ కొన్న తెలుగు కుర్రవాడికీ, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్న తండ్రికీ ‘తర్వాత’ అన్న మాట అక్కడే ఆగిపోయింది. వారికి మిగిలిన దారి పాత పీసీఐ స్లాట్. సెకనుకు 133 మెగాబైట్ల దారి, అదీ డిస్కుతో, నెట్‌వర్క్ కార్డుతో పంచుకోవాలి. ఆ స్లాట్‌కు కార్డులు చేయడం చాలామంది మానేసినా మేట్రాక్స్ తన జి450ను పీసీఐలో కూడా అమ్మింది. దానితో ఆటలు ఆడలేరు. రెండు మానిటర్లు పెట్టుకుని హాయిగా చదువుకోగలరు.

ఇంటి చిప్పు చెడ్డదని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. కోట్లాది కుటుంబాలకు కంప్యూటర్ అందుబాటులోకి రావడానికి అది ఒక కారణం. అభ్యంతరమల్లా తలుపు మూయడం గురించే. ఉన్నదానితో సర్దుకోవడం వేరు, మార్చుకునే వీలే లేకుండా చేయడం వేరు. స్లాట్ ధర చిప్పు ధరతో పోలిస్తే స్వల్పం. దాన్ని తీసేయడంలో పొదుపుకన్నా పై తరగతి చిప్‌సెట్ అమ్ముకునే ఆలోచనే ఎక్కువని అనుమానించడానికి ఆ పేర్ల చివరి అక్షరాలే ఆధారం.

పార్హీలియా, ఆ తర్వాత

2002 మే నెలలో మేట్రాక్స్ తన చివరి పెద్ద ప్రయత్నం ప్రకటించింది. పార్హీలియా అంటే సూర్యుడికి అటూఇటూ కనిపించే ప్రతిసూర్యులు. మూడు తెరలు నడుపుతుంది కనుక ఆ పేరు. ఎనిమిది కోట్ల ట్రాన్సిస్టర్లు, 256 బిట్ల వెడల్పున్న మెమరీ దారి, రంగుకు పది బిట్లు. ధర 399 డాలర్లు. ఆగస్టులో అదే ధరకు మార్కమ్ నుంచి రేడియాన్ 9700 ప్రో వచ్చింది. పోటీ ఆ పూటే ముగిసింది. ఎ.టి.ఐ. 1993లోనే స్టాక్ మార్కెట్టుకు వెళ్ళింది, ఎన్‌విడియా 1999లో వెళ్ళింది. ఆరేసి నెలలకు ఒక కొత్త చిప్పు రావలసిన పందెంలో సొంత సంపాదనతో నడిచే సంస్థ వెనకబడటంలో ఆశ్చర్యం లేదు.

అయితే మేట్రాక్స్‌ను నిజంగా దెబ్బతీసింది ప్రత్యర్థులు కాదేమో. 1999లో డీవీఐ అనే అంకెల తీగ ప్రమాణం వచ్చింది. చదును తెరలు చవకయ్యాయి. అంకెలు అంకెలుగానే తెరకు చేరుతుంటే వోల్టేజి మార్పిడి అవసరమే లేదు. అత్యంత చవకైన ఇంటి చిప్పు కూడా అక్షరాన్ని అంతే వాడిగా చూపగలిగింది. పాతికేళ్ళపాటు సాధించిన నేర్పు, ఎవరూ ఓడించకుండానే, విలువ కోల్పోయింది. చేతివాటంతో నాడి పట్టి రోగం చెప్పే వైద్యులకు ప్రయోగశాల పరీక్షలు వచ్చాక ఎదురైన స్థితి ఇలాంటిదే.

సంస్థ మూతపడలేదు. ఎక్కువ తెరలు కావలసినవారినే నమ్ముకుంది. 2005 ప్రాంతంలో కార్డు పెట్టే స్లాట్ లేనివారికి బయటే తగిలించుకునే చిన్న పెట్టెలు తెచ్చింది. రెండు మూడు మానిటర్లను ఒకే వెడల్పాటి మానిటర్‌గా నమ్మించి ల్యాప్‌టాప్‌లోని ఇంటి చిప్పుతోనే అవి నడిపించేవి. 2014లో సొంత చిప్పులు విడిచి ఎ.ఎమ్.డి. చిప్పులు వాడతామని ప్రకటించింది. ఎ.ఎమ్.డి. అంటే 2006లో ఎ.టి.ఐ.ని కొన్న సంస్థే. 2019లో ఎన్‌విడియా చిప్పుల వైపు తిరిగింది. అదే సంవత్సరం ట్రోటియే మొత్తం సంస్థకు ఏకైక యజమాని అయ్యాడు. 2022లో కెమెరాల బొమ్మలను విశ్లేషించే విభాగాన్ని జీబ్రా టెక్నాలజీస్ 87.5 కోట్ల డాలర్లకు కొన్నది. బొమ్మ చూపడం కన్నా బొమ్మ చూడటానికే ఎక్కువ వెల పలికిందన్నమాట.

ఈలోగా ఇంటి చిప్పు మరో అడుగు లోపలికి వెళ్ళింది. 2010 జనవరిలో ఇంటెల్ దాన్ని ప్రాసెసర్ పొట్లంలోకి, 2011 జనవరిలో అదే సిలికాన్ ముక్క మీదికి చేర్చింది. ఇక కార్డులు ఆటగాళ్ళకే పరిమితమనిపించిన ఆ సమయంలోనే మాంట్రియల్ నగరం మళ్ళీ కథలోకి వచ్చింది. మాంట్రియల్ విశ్వవిద్యాలయంలో యోషువా బెంజియో ప్రయోగశాల థియానో అనే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసింది. గణిత సమీకరణాలు రాస్తే వాటిని గ్రాఫిక్స్ కార్డు మీద నడిచేలా అదే మార్చిపెట్టేది. 2010లో దాన్ని పరిశోధకులకు పరిచయం చేశారు. మామూలు డెస్క్‌టాప్‌లో ఆటలకార్డు గుచ్చుకున్న విద్యార్థి పెద్ద కంప్యూటర్ కోసం వరసలో నిలబడకుండా నాడీజాలాలకు శిక్షణ ఇవ్వగలిగాడు. 2012లో టొరంటోలో అలెక్స్ క్రిజెవ్‌స్కీ రెండు జీటీఎక్స్ 580 కార్డులతో చిత్రాల గుర్తింపు పోటీ గెలిచాడు. 2014లో ఇయన్ గుడ్‌ఫెలో, బెంజియో బృందం మాంట్రియల్‌లో బొమ్మలు సృష్టించే జంట నాడీజాలాలను ప్రతిపాదించింది. అదే సంవత్సరం అదే ప్రయోగశాల నుంచి అనువాదంలో ‘ఏ మాట మీద దృష్టి పెట్టాలి’ అన్నదాన్ని యంత్రమే నేర్చుకునే పద్ధతి వచ్చింది. కార్డు బొమ్మ చూపడం మానేసి లెక్కలు చేయడానికి కుదురుకుంది. ఈ కార్డుల్లో కొన్నింటికి మానిటర్ తగిలించే రంధ్రమే ఉండదు.

స్లాట్ నుంచి దొరికే 75 వాట్లు చాలక ఇప్పటి కార్డు నేరుగా విద్యుత్తు తీగలు అడుగుతుంది. చాలా డెస్క్‌టాప్‌లలో ఇప్పుడు అడ్డొచ్చేది స్లాట్ కాదు, పవర్ సప్లై.

జి200 మాత్రం పోలేదు. 1998లో దోర్వాల్‌లో రూపొందిన ఆ చిప్పు డిజైన్‌ను సర్వర్ల మదర్‌బోర్డుల మీద నిఘా ఉంచే చిన్న కంట్రోలర్లలో చేర్చారు. డెల్, హెచ్‌పీ సర్వర్లలో అది ఏళ్ళ తరబడి ఆన్‌బోర్డ్ వీడియోగా కొనసాగింది. లినక్స్‌లో దానికోసం 2012లో కొత్తగా డ్రైవర్ రాశారు. ఎన్నో కార్డులు గుచ్చిన ఒక పెద్ద సర్వర్ మొరాయించినప్పుడు, టెక్నీషియన్ చక్రాల బల్ల మీద మానిటర్ తోసుకొచ్చి వెనకనున్న నీలిరంగు వీజీఏ రంధ్రంలో తీగ పెడతాడు. నల్లని తెర మీద తెల్లని అక్షరాలు, వరసకు 80, మెల్లగా పైకి కదులుతాయి.